ఆయాసం లేని రోజే అసలు పని

గత నాలుగు వారాలు ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఈ నాలుగు ప్రశ్నలకు ఉన్నదున్నట్టు జవాబు చెప్పుకోండి. పక్కన ఎవరూ లేరు, మొహమాటం అక్కర్లేదు.

1. పగటిపూట ఆయాసం, దగ్గు, పిల్లికూతలు వారంలో రెండుసార్ల కంటే ఎక్కువ వచ్చాయా?
2. ఊపిరాడక ఒక్క రాత్రయినా లేచి కూర్చున్నారా?
3. వెంటనే ఉపశమనం ఇచ్చే సాల్బుటమాల్ పంపును వారంలో రెండుసార్ల కంటే ఎక్కువ వాడారా?
4. మెట్లెక్కడం, నడక, ఆట, ఇంటిపని... వీటిలో ఏదైనా ఉబ్బసం వల్ల తగ్గించుకున్నారా?

అన్నిటికీ ‘లేదు’ అన్నారా? మీ ఉబ్బసం అదుపులో ఉంది. ఒకటి రెండు ‘అవును’లు ఉంటే సగమే అదుపులో ఉన్నట్టు. మూడు, నాలుగు ఉంటే అది మీ చెయ్యి దాటింది. డాక్టర్లు కూడా మిమ్మల్ని అడిగేది ఇవే.

ఈ నాలుగింటిలో రెండు మూడిటికి ‘అవును’ అంటూనే, “నాకు బాగానే ఉందండీ” అనేవాళ్లు చాలామంది. ఎందుకలా? ఆయాసంతో బతకడానికి అలవాటు పడిపోతాం. రెండు దిండ్లు వేసుకుని పడుకుంటాం. పై అంతస్తులో ఉన్న చుట్టాలింటికి వెళ్లడం మానేస్తాం. పెళ్లిలో పిల్లలతో నాలుగు అడుగులు వేయమంటే నవ్వి తప్పుకుంటాం. ఇలా కొంచెం కొంచెంగా బతుకును కుదించుకుని, దానికే ‘బాగుండటం’ అని పేరు పెట్టుకుంటాం. మీరు అంతటితో సరిపెట్టుకోనక్కర్లేదు. ఉబ్బసం ఉన్న చాలామంది హాయిగా నిద్రపోగలరు, పరుగెత్తగలరు, అన్ని పనులూ చేసుకోగలరు. దానికి కావలసిన మందులు మన ఊళ్లోనే దొరుకుతున్నాయి.

మరి తేడా ఎక్కడ వస్తోంది? ఉబ్బసాన్ని ఆయాసం వచ్చిన రోజే పట్టించుకుంటున్నాం. అసలు పని ఆయాసం లేని రోజున ఉంది. ఈ అధ్యాయమంతా ఆ పని గురించే.

మీ దగ్గరున్న మందు ఏ పని చేస్తుందో తెలుసా?

ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. పొగో, దుమ్మో, జలుబో తగలగానే ఆ గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, కఫం పేరుకుంటుంది. అదే మీకు తెలిసే ఆయాసం. ఆయాసం తగ్గాక కండరం వదులవుతుంది కానీ వాపు అలాగే ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మందులు అర్థమవుతాయి.

మొదటి రకం, ఉపశమనం ఇచ్చే మందు. సాల్బుటమాల్ ఈ కోవలోది. కొన్ని నిమిషాల్లో కండరాన్ని వదులు చేస్తుంది. నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేస్తుంది. వాపును మాత్రం ముట్టుకోదు.

రెండో రకం, వాపును తగ్గించే రోజువారీ మందు. బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్ లాంటి పీల్చే స్టెరాయిడ్లు ఇవి. వీటిని పీల్చగానే తేడా తెలియదు. రోజుల తరబడి వాడితేనే ఫలితం కనిపిస్తుంది. అందుకే జనం ముందు మానేసేది వీటినే. పశువులు పడి మేసేశాక చేనుకు కంచె కడతామా? ఈ మందు కంచె లాంటిది. ముందే ఉండాలి.

ఒక సన్నివేశం చూడండి. ఇంటర్ చదివే అబ్బాయి. జేబులో ఎప్పుడూ సాల్బుటమాల్ పంపు ఉంటుంది. ఆయాసం వస్తే రెండు పఫ్‌లు పీలుస్తాడు, తగ్గిపోతుంది. డాక్టరు రాసిన రోజువారీ పంపు బీరువాలో ఉంది. “అది పనిచేయట్లేదమ్మా, ఇదే బాగా పనిచేస్తోంది” అంటాడు తల్లితో. నెలకో పంపు అయిపోతోంది. అతనికి తగ్గుతున్నట్టు అనిపిస్తున్నా లోపల వాపు పెరుగుతోంది. ప్రపంచవ్యాప్తంగా ఆస్తమా వైద్యానికి మార్గదర్శకాలిచ్చే ‘గినా’ సంస్థ 2019లోనే గట్టిగా చెప్పింది: పన్నెండేళ్లు దాటిన వాళ్లెవరూ సాల్బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురాకూడదు, పీల్చే స్టెరాయిడ్ కూడా వైద్యంలో ఉండాలి. 200 పఫ్‌ల సాల్బుటమాల్ పంపులు మీకు ఏడాదికి మూడో అంతకన్నా ఎక్కువో అయిపోతున్నాయా? అయితే తీవ్రమైన దాడి వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్నట్టే. మందుల షాపుకు మళ్లీ వెళ్లే ముందు డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ఇప్పుడు కొందరికి ఫార్మోటెరాల్, బుడెసొనైడ్ కలిసి ఉన్న ఒకే పంపును రోజువారీకీ, ఆయాసానికీ కలిపి రాస్తున్నారు. మీది ఆ పద్ధతా, రెండు పంపుల పద్ధతా? రంగు చూసి ఊహించకండి. పేరు చదివి, డాక్టరును అడిగి, పంపు మీద పెన్నుతో రాసుకోండి: ‘రోజూ’, ‘ఆయాసానికి’.

పంపు పీల్చడంలో ఏడు మెట్లు

మందు సరైనదే, పీల్చే తీరు తప్పు. ఉబ్బసం అదుపులోకి రాకపోవడానికి ఇది పెద్ద కారణం. నోట్లో కొట్టుకుని మింగేస్తే మందు గొంతులోనే ఆగిపోతుంది. ఈసారి అద్దం ముందు నిలబడి ఇలా చేయండి.

1. మూత తీసి పంపును బాగా కుదపండి. కొత్తదైనా, చాలా రోజులు వాడకపోయినా ముందు రెండు పఫ్‌లు గాల్లోకి వదలండి.
2. నిటారుగా కూర్చుని ఊపిరి మెల్లగా పూర్తిగా బయటికి వదలండి. పంపులోకి మాత్రం ఊదొద్దు.
3. పంపు మూతిని పళ్ల మధ్య పెట్టి పెదవులు బిగించండి. నాలుక అడ్డు రాకూడదు.
4. నోటితో నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూనే ఒక్కసారి నొక్కండి. అక్కడితో ఆపకుండా ఛాతీ నిండేదాకా పీలుస్తూనే ఉండండి.
5. పంపు తీసి నోరు మూసి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టండి.
6. రెండో పఫ్ రాసి ఉంటే అర నిమిషం నుంచి ఒక నిమిషం ఆగి, మళ్లీ కుదిపి మొదటి నుంచి చేయండి. రెండూ ఒకేసారి కొట్టొద్దు.
7. స్టెరాయిడ్ పంపు అయితే నోరు పుక్కిలించి నీళ్లు ఉమ్మేయండి. గొంతు బొంగురుపోవడం, నోట్లో తెల్లటి పూత రావడం చాలావరకు తప్పుతాయి.

నొక్కడం, పీల్చడం రెండూ కలవడం లేదా? స్పేసర్ అడగండి. పంపుకు తగిలించే ఈ గొట్టం పిల్లలకు, వృద్ధులకే కాదు, అందరికీ మంచిది. మందు గొంతులో తక్కువ పడి ఊపిరితిత్తుల్లోకి ఎక్కువ వెళ్తుంది. సబ్బునీళ్లలో కడిగి గాలికి ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే మందు గోడలకు అంటుకుపోతుంది.

మీది క్యాప్సూల్ వేసి పీల్చే పొడి మందా? అప్పుడు నాలుగో మెట్టు మారుతుంది. నెమ్మదిగా కాదు, గట్టిగా, వేగంగా, లోతుగా పీల్చాలి. క్యాప్సూల్‌లో పొడి మిగిలితే ఇంకోసారి పీల్చండి. క్యాప్సూల్ మింగేవాళ్లు కూడా ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు వాడుతుంటే ఒకసారి మీ ఎదుటే పీల్చి చూపించమనండి.

ఇంకొక తప్పు, అయిపోయిన పంపును వాడటం. మందు అయిపోయాక కూడా లోపలి గ్యాస్ వల్ల పఫ్ వస్తూనే ఉంటుంది. అంకెలు చూపించే పంపు కాకపోతే మీరే లెక్క కట్టండి. 120 పఫ్‌ల పంపును రెండు పూటలా రెండేసి చొప్పున వాడితే 30 రోజులు వస్తుంది. మొదలుపెట్టిన తేదీని పంపు మీదే రాయండి.

మందు మానిపించే భయాలు

“పంపు మొదలుపెడితే జీవితాంతం వదలదు.” ఇది అలవాటయ్యే మందు కాదు. మానేస్తే ఆయాసం తిరిగి వస్తున్నదంటే జబ్బు ఇంకా ఉన్నదని అర్థం. అదుపులో ఉండి రెండు మూడు నెలలు గడిస్తే డాక్టరే మోతాదు తగ్గిస్తారు. తగ్గించేది ఆయన, మీరు కాదు.

“పంపు ఘాటు మందు, మాత్ర నయం.” లెక్క చూడండి. సాల్బుటమాల్ మాత్ర 2 లేదా 4 మిల్లీగ్రాములు. ఒక పఫ్ 100 మైక్రోగ్రాములు. అంటే మాత్రలో ఇరవయ్యో వంతు, నలభయ్యో వంతు. మాత్ర ఒళ్లంతా తిరిగి చేతులు వణికిస్తుంది, గుండె దడ తెప్పిస్తుంది. పఫ్ నేరుగా కావలసిన చోటికే వెళ్తుంది.

“స్టెరాయిడ్ అంటున్నారు, పిల్లాడు ఎదగడేమో.” పీల్చే స్టెరాయిడ్ వాడిన పిల్లల ఎత్తులో తేడా వస్తే అది సుమారు ఒక సెంటీమీటరు. అదుపు తప్పిన ఉబ్బసం కూడా ఎదుగుదలను దెబ్బతీస్తుంది. నిద్ర పోతుంది, బడి పోతుంది, ఆట పోతుంది. భయపడాల్సిన స్టెరాయిడ్ వేరే ఉంది. ఆయాసం వచ్చినప్పుడల్లా వేయించుకునే ఇంజెక్షన్, డాక్టరుతో పని లేకుండా కొనుక్కునే మాత్రలు, పేరు లేని పొట్లాల్లోని పొడులు. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలున్నాయి. పదేపదే వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగరు పెరుగుతుంది, కంట్లో శుక్లాలు వస్తాయి. తీవ్రమైన దాడిలో డాక్టరు కొద్ది రోజులకు రాసే మాత్రలు వేరు. అవి ప్రాణం కాపాడతాయి, భయపడకుండా వేసుకోండి.

“కడుపుతో ఉన్నాను, పంపు ఆపేయాలేమో.” ఆపొద్దు. తల్లికి ఊపిరి అందకపోతే బిడ్డకూ అందదు. డాక్టరుకు గర్భం సంగతి చెప్పి, మందు కొనసాగించండి.

మృగశిర కార్తె వస్తే హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం పంచే చేప ప్రసాదం కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. నమ్మకంతో మీరు వెళ్లాలనుకుంటే నా విన్నపం ఒక్కటే: దాన్ని నమ్ముకుని రోజువారీ పంపు మానకండి. క్యూలో జనం, ఉక్కపోత, దుమ్ము ఉంటాయి. ఉపశమనం పంపు జేబులో పెట్టుకునే వెళ్లండి.

ఇంట్లో మీ శత్రువు ఎవరు?

అందరికీ పడనిది ఒక్కటే కాదు. ఒకరికి పొగ, ఒకరికి దుమ్ము, ఒకరికి చల్లగాలి. అందుకే ముందు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. ఆయాసం వచ్చిన ప్రతిసారీ మూడు మాటలు రాయండి: ఎప్పుడు, ఎక్కడ, అంతకుముందు ఏం చేశాను. నెల తిరిగేసరికి మీ శత్రువు పేరు మీకే కనిపిస్తుంది. ఈలోగా ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేవాటితో మొదలుపెడదాం.

1. పడక. పరుపుల్లో, దిండ్లలో కంటికి కనిపించని దుమ్ము పురుగులుంటాయి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడిగా ఉన్న, కనీసం 60 డిగ్రీల నీళ్లలో ఉతకండి. చలికాలం రాగానే అటక మీది బొంత దించి నేరుగా కప్పుకోకండి. ఉతికి ఎండలో వేశాకే వాడండి.

2. చీపురు, బూజుకర్ర. పండగ ముందు ఇల్లు దులిపిన రాత్రి ఆయాసం వచ్చిందా? కారణం వెతకనక్కర్లేదు. పొడి చీపురు బదులు తడిగుడ్డ వాడండి. బూజు దులిపే పని ఇంట్లో ఇంకొకరు తీసుకోవాలి. మీరు ఆ పూట బయట ఉండండి.

3. పొగ. దోమల కాయిల్ బదులు దోమతెర కట్టండి. తలుపులు మూసిన గదిలో అగరొత్తులు, సాంబ్రాణి వద్దు. పూజ మానమని కాదు, దీపం చాలు అంటున్నాను. బీడీ, సిగరెట్ ఇంట్లో ఎవరు కాల్చినా మీరు కాల్చినట్టే. వరండాలో నిలబడి కాల్చినా పొగ బట్టలకు అంటుకుని లోపలికి వస్తుంది.

4. వంటిల్లు. ఎండుమిర్చి వేయించే ఘాటుకు ఆరోగ్యవంతులకే దగ్గొస్తుంది. తాలింపుకు ముందే కిటికీ తీయండి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేయండి. కారం పట్టించడం, పొడులు దంచడం ఇంకొకరికి అప్పగించండి. “అత్తయ్యా, ఈ ఒక్కటీ మీరు చూడరూ, నాకు ఊపిరాడట్లేదు” అని అడగడంలో చిన్నతనం లేదు.

5. చెమ్మ, బొద్దింకలు. గోడల మీద నల్లటి మచ్చలు, స్నానాల గదిలో బూజు ఉంటే నీరు ఎక్కడ దిగుతోందో చూసి బాగు చేయించండి. బొద్దింకలు చేరకుండా ఎంగిలి గిన్నెలు రాత్రంతా ఉంచకండి.

6. పనిచేసే చోటు. మిర్చి యార్డు, పిండిమర, పత్తి మిల్లు, వడ్రంగం, స్ప్రే పెయింటింగ్. సెలవురోజున తేలిగ్గా ఉండి, పనిలోకి వెళ్లగానే ఆయాసం పెరుగుతోందా? ఆ ముక్క డాక్టరుకు తప్పక చెప్పండి. వైద్యం దారే మారిపోవచ్చు.

7. మందులు. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కొందరికి ఉబ్బసం తెప్పిస్తాయి. ప్రొప్రనలాల్ మాత్రలు, నీటికాసులకు వేసే టిమొలాల్ కంటి చుక్కలు కూడా. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా మొదటి మాట ఇదే కావాలి: “నాకు ఉబ్బసం ఉందండీ.”

8. జలుబు. దాడులకు చాలాసార్లు మూలం ఇదే. చేతులు కడుక్కోండి. ఏటా ఫ్లూ టీకా గురించి డాక్టరును అడగండి. జలుబు మొదలైన రోజు నుంచే రోజువారీ పంపు ఒక్క పూట కూడా తప్పకుండా చూసుకోండి.

మరి తిండి? అరటిపండు, పెరుగు, నిమ్మకాయ... ఉబ్బసం పేరు చెప్పి కంచంలోంచి తీసేసేవి ఎన్నో. ఫలానాది తిన్న ప్రతిసారీ మీకు ఆయాసం వస్తోందని నోటుపుస్తకం చెబితే దాన్ని మానండి. అలా లేనప్పుడు పెరుగన్నం తినే పిల్లాడి కడుపు మాడ్చకండి.

వ్యాయామం మానొద్దు. పది నిమిషాలు మెల్లగా ఒళ్లు వేడెక్కించుకుని మొదలుపెట్టండి. పరుగెత్తితే ఆయాసం వచ్చేవాళ్లకు ముందుగా పీల్చే మందును డాక్టరు చెబుతారు. ప్రాణాయామం ఊపిరి మీద పట్టునిస్తుంది, కంగారు తగ్గిస్తుంది. చేయండి, పంపుకు తోడుగా చేయండి, బదులుగా కాదు.

పండగల లెక్క ముందే వేసుకోండి. దీపావళి సాయంత్రం కిటికీలు మూసి లోపల ఉండండి. భోగిమంటకు గాలి వచ్చే వైపు నిలబడండి, దూరంగా. ఆ వారం రోజువారీ మందు విషయంలో మరింత పట్టుగా ఉండండి.

ఒక కాగితం రాయించుకోండి

ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఒక్క మాట అడగండి: “ఆయాసం పెరిగితే ఏం చేయాలో ఒక కాగితం మీద రాసివ్వండి.” అందులో మూడు భాగాలుండాలి. బాగున్నప్పుడు ఏం వాడాలి, ఆయాసం పెరుగుతున్నప్పుడు ఏది ఎంత పెంచాలి, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి.

పీక్ ఫ్లో మీటరు కొనుక్కుంటే ఇంకా తేలిక. గట్టిగా ఒక్కసారి ఊదితే అంకె చూపించే చిన్న పరికరం ఇది. బాగున్న రోజుల్లో మీరు ఊదిన అత్యధిక అంకె మీ కొలమానం. దానిలో 80 శాతం పైన ఉంటే పచ్చ. 50 నుంచి 80 మధ్య పసుపు, మందు పెంచాల్సిన సమయం. 50 లోపు ఎరుపు, ఆసుపత్రి. మీ అత్యధికం 400 అనుకుందాం. 320 దాటితే నిశ్చింత, 200 కిందికి పడితే ఆలస్యం వద్దు. చాలామందికి ఆయాసం తెలిసే ముందే ఈ అంకె పడిపోతుంది.

కాగితాన్ని ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. బడికెళ్లే పిల్లలుంటే క్లాసు టీచరుకు ఒక కాపీ, ఒక పంపు, ఒక స్పేసర్ ఇవ్వండి. “మేడమ్, వీడికి ఆయాసం వస్తే ఇది ఇలా ఇవ్వాలి” అని ఒకసారి చేసి చూపించండి.

దాడి వస్తే

1. కూర్చోబెట్టండి. పడుకోబెట్టొద్దు. చుట్టూ మూగొద్దు. గట్టి బట్టలు వదులు చేయండి.
2. సాల్బుటమాల్ పంపును స్పేసర్‌తో ఒక్కొక్క పఫ్ చొప్పున నాలుగు ఇవ్వండి. ప్రతి పఫ్‌కూ నాలుగు ఊపిర్లు పీల్చనివ్వండి.
3. నాలుగు నిమిషాలు ఆగండి. తగ్గకపోతే మళ్లీ నాలుగు.
4. అప్పటికీ తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. వాహనం వచ్చేదాకా ఇదే వరుస కొనసాగించండి.

మీ డాక్టరు వేరే వరుస రాసిచ్చి ఉంటే దాన్నే పాటించండి.

ఈ గుర్తులుంటే ఏ వరుసా పూర్తయ్యేదాకా ఆగొద్దు, వెంటనే 108: వాక్యం పూర్తి చేయలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, మగత, ఊపిరికి పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుకుపోవడం. ఇంకొకటి బాగా గుర్తుంచుకోండి. ఆయాసం అలాగే ఉండగా పిల్లికూతలు ఆగిపోతే తగ్గినట్టు కాదు, గాలి ఆడటం ఆగిపోతున్నట్టు. పంపు పీల్చాక నాలుగు గంటలు కూడా నిలవకుండా ఆయాసం తిరిగి వస్తున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. “తెల్లారనీ, చూద్దాం” అనే మాట ఉబ్బసంలో ప్రమాదం.

ఈ వారం చేయాల్సినవి

1. నాలుగు ప్రశ్నల జవాబులు కాగితం మీద రాయండి.
2. పంపుల మీద ‘రోజూ’, ‘ఆయాసానికి’ అని, మొదలుపెట్టిన తేదీ రాయండి.
3. రోజువారీ పంపును పళ్లు తోముకునే బ్రష్ పక్కన పెట్టండి. పీల్చడం, తోముకోవడం, పుక్కిలించడం ఒకే వరుసలో అయిపోతాయి, మరచిపోరు.
4. దుప్పట్లు, గలీబులు వేడినీళ్లలో వేయండి.
5. డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి. పంపు, స్పేసర్, నోటుపుస్తకం వెంట తీసుకెళ్లి, మీరు పీల్చే తీరు ఆయన ఎదుట చేసి చూపించండి.

ఇవన్నీ ఆయాసం లేని రోజున చేయగలిగిన పనులే. ఊపిరాడని అర్ధరాత్రి వీటిలో ఒక్కటీ సాధ్యం కాదు. నాలుగు వారాల తర్వాత మళ్లీ అవే ప్రశ్నలు వేసుకోండి. ఒక్క ‘అవును’ అయినా ‘లేదు’గా మారితే మీరు సరైన దారిలో ఉన్నారు. మారకపోతే నిరుత్సాహపడకండి, ఆ కాగితంతోనే డాక్టరు దగ్గరకు తిరిగి వెళ్లి మోతాదు, పద్ధతి మళ్లీ సరిచూడమనండి. నాలుగూ ‘లేదు’ అయ్యేదాకా అడుగుతూనే ఉండండి. అది మీకు దక్కాల్సిన ఆరోగ్యం.